డోజర్ నడిపిన చేతికి గేటు రిజిస్టరు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రి డ్యూటీ చేసే అతనిది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. పదిహేడేళ్లు సైన్యంలోని ఇంజినీర్ల దళం మద్రాస్ శాపర్స్‌లో చేసి, ముప్పై ఏడో ఏట పెన్షన్ మీద వచ్చేశాడు. అర్ధరాత్రి చూసినా బూట్లు మెరుస్తూనే ఉంటాయి. మావాళ్లలో సగంమందికి అతని గురించి తెలిసిన సంగతి ఒక్కటే, చవకగా మందు దొరికే మిలిటరీ క్యాంటీన్ కార్డు ఉందని. (డిసెంబరు చివరి వారంలో అతనికి స్నేహితులు ఎలా పెరుగుతారో చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి.) మొన్నో ఆదివారం రెజ్యూమె రాసిపెట్టమంటూ పైకొచ్చాడు.

"మిలిటరీలో ఏం పని చేసేవాడివి తమ్ముడూ?"

"డ్యూటీ సేసినాను సార్."

"అంటే?"

"ఏ డ్యూటీ ఏత్తే ఆ డ్యూటీ."

అరగంట తవ్వితే అసలు విషయం బయటపడింది. ట్రేడు ఓఈఎం, అంటే ఎక్స్‌కవేటింగ్ మెషీన్ ఆపరేటర్. లద్దాఖ్‌లో డోజర్ (బుల్డోజర్) మీద కూర్చుని మంచు తోసి, వెనకొచ్చే కాన్వాయ్‌లకు దారి చేశాడు. హైడ్రాలిక్ గొట్టం పగిలితే మెకానిక్ కోసం చూడకుండా తనే మార్చేవాడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు పని నేర్పాడు. ఆ డోజర్ భారీ యంత్రాలు చేసే ప్రభుత్వ సంస్థ బీఈఎంఎల్‌ది. బీఈఎంఎల్ డోజర్లు తయారయ్యే కేజీఎఫ్ (కోలార్ బంగారు గనుల ఊరు) మా గేటుకు వంద కిలోమీటర్లు కూడా ఉండదు.

"మొత్తం ఎన్ని గంటలు నడిపుంటావు?" అనడిగాను. మిషను పని అడిగేవాడు ముందు అడిగేది అదే కదా. నవ్వాడు. "గంటలు లాగ్‌బుక్కులో ఉంటాయి సార్. లాగ్‌బుక్కు బండికుంటాది, మనిషికుండదు."

మాజీ సైనికుల ఉపాధి మీద నేను చదివిన నివేదికల్లో ఎక్కడా ఇంత సూటిగా లేదు. చేతిలో పని ఉంది, ఆ పనికి కాగితం లేదు. డిశ్చార్జ్ బుక్‌లో నంబరు, ర్యాంకు, పతకాలు, ప్రవర్తన 'ఎగ్జెంప్లరీ' అన్నీ ఉన్నాయి. అవి చూసి ప్రైవేటు కంపెనీ వాడికి అర్థమయ్యేది 'నమ్మకస్తుడు' అని మాత్రమే. నమ్మకస్తుణ్ని ఎక్కడ నిలబెడతాం? గేటు దగ్గర. చట్టం కూడా అటే చూపిస్తుంది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలు గార్డులను తీసుకునేటప్పుడు మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇవ్వవచ్చని 2005 నాటి చట్టంలోనే ఉంది. మంచి ఉద్దేశంతో రాసిందే. కానీ ప్రైవేటు రంగంలో తెరిచిన తలుపు అదొక్కటే అయితే అందరూ అందులోంచే దూరతారు.

మరి ప్రభుత్వ కోటాల మాటేమిటి? కేంద్ర శాఖల్లో గ్రూప్-సీ (కింది స్థాయి) పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల్లో అదే స్థాయి పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు ఉన్నాయి. కాగితం మీద బాగానే ఉన్నాయి, నిండటమే కష్టం. పది పాసై పదిహేనేళ్లు సైన్యంలో చేస్తే గ్రూప్-సీ పోస్టులకు డిగ్రీతో సమానంగా చూడాలనే నిబంధనా ఉంది. దాన్ని గౌరవించేది ప్రభుత్వ దరఖాస్తులే. అతని రెజ్యూమె నేను మిషన్లు అద్దెకిచ్చే ఒక కంపెనీకి పంపాను. హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "సైట్ ఎక్స్‌పీరియన్స్ ఉందా సార్?" పదిహేడేళ్లు సైటు తప్ప ఇంకేమీ చూడని మనిషి గురించి! ఆ అమ్మాయిదీ తప్పు కాదు, నేను రాసిన కాగితంలో ఆ మాట లేదు మరి.

ఇన్నాళ్లూ ఈ లోపం బయటికి కనపడకపోవడానికి కారణం పెన్షన్. నెలనెలా పెన్షన్ పడుతుంది కనుక సెక్యూరిటీ జీతం ఎంత తక్కువైనా ఇల్లు గడిచిపోతుంది. లెక్క తేల్చి చూస్తే, ఏజెన్సీలు ఇవ్వాల్సిన జీతంలో కొంత రక్షణ శాఖ పెన్షన్ రూపంలో కడుతోంది. అందుకే ఎవరూ గొడవ చేయలేదు.

అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్లకే సైన్యంలో చేరే అగ్నివీరుడికి ఆ పెన్షన్ లేదు. మాజీ సైనికుడి హోదా కూడా పథకంలో ఇవ్వలేదు. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించగానే సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక ప్రాణం పోయింది. ఆ తగలబెట్టడాన్ని సమర్థించను. కానీ ఆ రోజు పిల్లలు అడిగిన 'నాలుగేళ్ల తర్వాత ఏంటి?' అన్న ప్రశ్న అలాగే నిలబడి ఉంది. నౌకాదళం తొలి బ్యాచ్ 2022 నవంబరులో, ఆర్మీ తొలి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టాయి. అంటే నాలుగేళ్లు నిండేది 2026 చివర, 2027 మొదట్లో. వాళ్లలో సైన్యం ఉంచుకునేది 25 శాతం దాకా. మిగతావాళ్లకు బయటికొచ్చేటప్పుడు ఒకేసారి ఇచ్చే సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు వస్తాయి. బెంగళూరులో ఆ డబ్బు విలువ చెప్పాలంటే, ఒక మామూలు ఇంటికి నెలనెలా అద్దె బదులు ఒకేసారి ఇచ్చే లీజు మొత్తం అంత. ఊళ్లో అయితే అక్క పెళ్లి అప్పు తీరుతుంది. వ్యాపారం పెట్టుకుంటారని అనుకోవడం ఢిల్లీలో కూర్చున్నవాళ్ల మాట.

నాలుగేళ్లంటే సరిగ్గా బీటెక్ కాలం. ఇంటర్ అయ్యాక ఒకడు బీటెక్‌లో చేరాడు, పక్క బెంచీవాడు రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరిగెత్తాడు. ఇద్దరూ ఒకేసారి బయటికొస్తారు. మొదటివాడికి ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ సెల్, మారతహళ్లి పీజీలో ముందే దిగిన సీనియర్లు ఉంటారు. రెండోవాడికి కేంద్ర సాయుధ బలగాల్లో కోటా ఉంటుంది, అంటే మళ్లీ యూనిఫామే. దూరవిద్య నడిపే ఇగ్నో మాత్రం ఒక పని బాగా చేసింది. సర్వీసులో పొందిన శిక్షణను డిగ్రీ క్రెడిట్లలో సగంగా లెక్కగట్టే కోర్సు పెట్టింది. అయితే డిగ్రీ ఒక్కటే ఉద్యోగం ఇస్తుందన్న భ్రమ బీటెక్ వాడికే ఎప్పుడో పోయింది.

అమెరికాలో స్కిల్‌బ్రిడ్జ్ అని ఉంది. సర్వీసు చివరి 180 రోజుల్లో సైనికుడు బయటి కంపెనీలో పని నేర్చుకుంటాడు, జీతం సైన్యమే ఇస్తుంది. అలాంటి పథకానికి మనదేశంలో బెంగళూరును మించిన ఊరు లేదు. హలసూరులో శాపర్ల కేంద్రం 1834 నుంచీ ఉంది. బీఈఎంఎల్, హెచ్‌ఏఎల్, బీఈఎల్ లాంటి రక్షణ రంగ సంస్థలు ఇక్కడే ఉన్నాయి. మెట్రో తవ్వకాలు ఏ రోడ్డులో చూసినా కనిపిస్తాయి. ఇంత దగ్గరగా ఉన్నవాళ్ల మధ్య ఒక టేబులూ నాలుగు కుర్చీలూ వేసేవాళ్లే లేరు.

సైన్యం నుంచి వచ్చే అభ్యంతరం తీసిపారేసేది కాదు. నలభై ఎనిమిది నెలల్లో శిక్షణకు ఆరేడు నెలలు పోతాయి, సెలవులు పోతాయి, చివరి ఆరు నెలలు కూడా కంపెనీలకిస్తే యూనిట్‌కు మిగిలేదెంత? నిజమే. అలాగైతే రెండు నెలలే ఇవ్వండి. అదీ కుదరకపోతే కనీసం ఏ మిషను, ఎన్ని గంటలు, ఏ మరమ్మతు అన్నది మనిషి పేరున నమోదు చేసి, బయటివాడికి అర్థమయ్యే మాటల్లో సంతకం పెట్టి ఇవ్వండి. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక గుమాస్తా చాలు.

ఇన్‌ఫాంట్రీలో (కాల్బలంలో) జనరల్ డ్యూటీ చేసినవాడి సంగతి ఇంకా కష్టం. అతనికి డోజర్ లేదు, వెల్డింగ్ లేదు. అర్ధరాత్రి ముప్పైమందిని సామానుతో సహా లేపి చెప్పిన టైముకు చెప్పినచోట దించగలడు. వైట్‌ఫీల్డ్ గోడౌన్లలో షిఫ్టు నడపడానికి కావాల్సింది అదే అని నా నమ్మకం. కానీ నమ్మకాన్ని సర్టిఫికెట్‌గా మార్చే దారి నాకూ తోచలేదు.

రెజ్యూమె పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. 'ఎగ్జెంప్లరీ' అన్నమాట పైన ఉండాలన్నాడు, ట్రేడు పైన ఉండాలన్నాను, నా మాటే నెగ్గింది. గంటలు అంచనా కట్టి, నెలలూ సీజన్లూ లెక్కేసి రాశాం. మెట్లు దిగుతూనే ఎవరికో ఫోన్ చేశాడు. మేనల్లుడట, అగ్నివీర్‌గా ఇంజినీర్స్‌లోనే చేస్తున్నాడట.

"ఒరే, ఏ మిషనీ నడిపితే అది, ఎన్ని గంటలు నడిపితే అన్ని, రోజూ పుస్తకంలో రాసుకో. ఎక్కడ నడిపినావో మాత్రం రాయకు, దెబ్బలాడతారు."