సవరణ: అప్రెంటిస్‌షిప్ అంటే పర్మినెంట్ ఉద్యోగం కాదు

పైడిభీమవరం ఫ్యాక్టరీలో నేను చేసిన గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్ (డిగ్రీ అయ్యాక పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) గురించి కిందటి పోస్టులో "బీటెక్ అయ్యాక ఫ్యాక్టరీలో అడుగు పెట్టడానికి మంచి దారి" అని రాశాను. అది చదివి చీపురుపల్లి, ఆమదాలవలస వైపు తల్లిదండ్రులు "ఏడాది అయ్యాక పర్మినెంట్ చేస్తారు కదా బాబూ?" అని అడుగుతున్నారు. అందుకే ఈ వివరణ.

అలాంటి హామీ లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణలో ఉన్న మనిషే, కార్మికుడు కాదు. తర్వాత ఉద్యోగంలోకి తీసుకోవడం ఆ కంపెనీ విధానాన్ని బట్టి ఉంటుంది. ఒప్పందం మీద సంతకానికి ముందే అది అడగండి. పిల్లలు మొహమాటపడితే పెద్దలే అడగండి, తప్పేం లేదు. స్టైపెండ్, అంటే శిక్షణలో ఉండగా నెలనెలా ఇచ్చే డబ్బు సంగతికొస్తే, 2019 నిబంధనల్లో డిగ్రీవాళ్లకు నెలకు కనీసం 9,000 రూపాయలు పెట్టారు. నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) కింద ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. గది అద్దె, మెస్ పోగా ఇంటికి పంపేంత మిగలదు.

మరి మంచి దారి అని ఎందుకన్నానంటే, పని కోసం. పంపునీ మోటారునీ కలిపే కప్లింగ్ దగ్గర రెండు షాఫ్టులూ ఒకే గీతలోకి తేవడం, అంటే అలైన్‌మెంట్, కాలేజీలో పరీక్ష కోసం చదివిందే. ఇక్కడ డయల్ గేజ్ (చిన్న తేడాను కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) బిగించి, షాఫ్ట్ చేత్తో తిప్పుతూ, ముల్లు ఎంత కదిలితే మోటారు కాలి కింద ఎంత మందం షిమ్ (పలుచని లోహపు రేకు) పెట్టాలో సీనియర్ ఫిట్టర్ గారు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. పంపు సీల్ కారడానికి, బేరింగ్ వేడెక్కడానికి చాలాసార్లు మూలం ఆ అలైన్‌మెంట్ తప్పడంలోనే ఉంటుంది.

నేర్పే మనిషి లేని చోట ఏడాదంతా రిజిస్టర్లు రాయించి పంపేస్తారు. ఏ డిపార్ట్‌మెంట్‌లో, ఎవరి కింద వేస్తారో చేరేముందే కనుక్కోండి.