ఎన్‌క్లెక్స్‌కి బిట్లు ఒక్కటే చాలవు

తిరుపతి, చిత్తూరుల్లో నర్సింగ్ చదివే పిల్లల్లో అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ లైసెన్స్ కావాలంటే ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి. ఫీజు 200 డాలర్లు, మన దేశంలో రాస్తే ఇంకో 150. ఫెయిలైతే 45 రోజులు ఆగి మళ్లీ అంతా కట్టాలి. ఇంత టెన్షన్ పెట్టుకుని రాత్రింబవళ్లు బిట్లు చేస్తారు. జవాబు గుర్తుపెట్టుకుంటారు గానీ మిగతా ఆప్షన్లు ఎందుకు తప్పో చూసేవాళ్లు తక్కువ. నా బాధంతా అదే.

పరీక్షలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, 5 గంటల సమయం. మన జవాబును బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఎంచుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి ఒకే రోగి మీద వరుసగా ఆరు ప్రశ్నలడిగే కేస్ స్టడీలూ వచ్చాయి. ఇక్కడ బట్టీ పనిచేయదు. గుండె మందు డిగాక్సిన్ ఇచ్చేముందు పల్స్ చూడాలని అందరికీ తెలుసు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి నిండు నిమిషం లెక్కించాలని, పెద్దవాళ్లలో 60 కన్నా తగ్గితే మందు ఆపాలని, పొటాషియం పడిపోతే అదే మందు ప్రమాదమని కలిపి ఆలోచిస్తేనే ప్రశ్నను ఎటు తిప్పినా జవాబు దొరుకుతుంది.

అసలు చిక్కు మన వార్డుల్లో ఉంది. రోగిని పక్కకు తిప్పడం, తినిపించడం, ఒళ్లు తుడవడం చాలాచోట్ల వెంట వచ్చిన ఇంటివాళ్లే చేస్తారు. విద్యార్థులకు ఇంజెక్షన్లు, కేస్ షీట్లు మిగులుతాయి. పక్షవాతం వచ్చినాయనకు ముద్ద పెట్టేముందు మింగగలడో లేదో చూడాలన్న ఆలోచన చేత్తో తినిపించకుండా ఎలా అలవాటవుతుంది? పరీక్ష ఇంకో మెట్టు పైకెళ్లి, నర్సు కింద పనిచేసే సహాయకులకు ఏ పని అప్పగిస్తావు, ఏది నువ్వే చేస్తావు అని అడుగుతుంది. రోగి స్థితిని అంచనా వేయడం, జాగ్రత్తలు నేర్పడం ఇంకొకరికి వదలకూడదు.

ఇంకో అలవాటు, ఏమైనా ముందు డాక్టర్‌కు ఫోన్ చేయడం. రక్తం ఎక్కుతుండగా రోగి వణికిపోతూ నడుం నొప్పంటే మొదట రక్తం ఎక్కించడం ఆపాలి. ఫోన్ ఆ తర్వాత.

స్విమ్స్, రుయా లాంటి పెద్దాసుపత్రులున్న ఊరు తిరుపతి. ఇంతమంది రోగులను చూసే అవకాశం ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేదు. డ్యూటీ అయ్యాక ట్యూటర్లు అరగంట కూర్చోబెట్టి, ఆ రోజు చూసిన ఒక్క రోగి గురించి 'ముందు ఏం చేశావు, ఎందుకు?' అని అడగాలి. మొదటి సంవత్సరం నుంచే.