గురుపూజకు ఒక చట్టం కావాలి

సెప్టెంబరు 5 గురుపూజోత్సవానికి చట్టమంటూ ఏదీ లేదు. 1962లో రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన ఏడాది మొదలైన ఆనవాయితీ, అంతే. అరవయ్యేళ్లకు పైగా ఏ సెక్షనూ చూపించకుండానే శాలువాలు కప్పేస్తున్నాం. పార్లమెంటు వెంటనే కలగజేసుకోవాలి.

బిల్లులో ముందు శాలువా సంగతి తేల్చాలి. ఇప్పుడు వాడుకలో ఉన్నది ఉన్ని పేరుతో అమ్మే పాలిస్టరు. భాద్రపదపు ఉక్కలో మాస్టారి మెడకు చుట్టి, ఫొటో సరిగ్గా పడేదాకా తీయనివ్వరు. ప్లాస్టిక్ కవరు వేదిక మీదే చింపుతారు గనక లోపలి అట్టముక్క జారి ముఖ్య అతిథి కాళ్ల దగ్గర పడుతుంది, ధర స్టిక్కరేమో మాస్టారి భుజాన మిగులుతుంది. కవరు విప్పడం, స్టిక్కరు పీకడం తెరవెనకే జరగాలి. కిందటేడు శాలువానే మడతపెట్టి మళ్లీ కప్పేవారిపై కేసులు వద్దు. ఉన్నవి దేశానికి చాలు.

ఏకోపాధ్యాయ పాఠశాలది అసలు చిక్కు. మాస్టారు సన్మానానికి మండల కేంద్రానికి వెళితే బడి ఎవరు తెరవాలి? పక్కూరి టీచరును డిప్యుటేషన్ మీద వేయాలి. ఆవిడకూ అదే వేదిక మీద సన్మానమైతే? అందుకే పెద్దలు ముందుచూపుతో ఆ రోజే స్వపరిపాలన దినోత్సవం పెట్టారు. అయిదో తరగతి పిల్లాడు హెచ్‌ఎం అవుతాడు, తాళంచెవి వాడికిస్తే సరి.

జాతీయ పురస్కారం మాత్రం పద్ధతిగానే ఉంది. 2018 నుంచి ఎవరి పేరు వారే పోర్టల్లో ఇచ్చుకోవచ్చు. తాను ఉత్తముణ్నని ఫొటోలతో సహా రుజువు చేసుకుంటే 50 వేల రూపాయలు, వెండి పతకం. పిల్లలకు వినయం పాఠం మర్నాడు చెప్పుకోవచ్చు.

చట్టం వస్తే అమలవుతుందా అని కొందరి అనుమానం. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చూడండి. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు వేరే పనులు చెప్పకూడదంది. ఆంధ్రలో కొన్నేళ్లు వాళ్లు బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టారు. అది విపత్తు సహాయం కిందికే వస్తుందని మా వినమ్ర అభిప్రాయం.

చివరి సెక్షన్: సన్మానం జరిగినట్టు ఫొటోను సాయంత్రం అయిదులోగా సదరు ఉపాధ్యాయుడే అప్‌లోడ్ చేయాలి. సిగ్నల్ అందకపోతే వాటర్ ట్యాంకు ఎక్కవచ్చు. శాలువా మాత్రం తీయరాదు.