ఎండ ఒక్కటే కాదు, దాణా బస్తా కూడా చూడండి

కుందేళ్ళకు చూలు నిలవకపోవడానికి, పిల్లలు చనిపోవడానికి హైదరాబాద్ ఎండలే కారణమని ఒకరు రాశారు. సగం నిజం. మా శామీర్‌పేట వైపు ఈ బాధ వానాకాలంలోనూ చూస్తున్నాం, అప్పుడు ఎండెక్కడిది? దాణాలోని పల్లి చెక్క, మక్కలు చెమ్మ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవ్వచ్చు. ఈ విషానికి కుందేలంత తొందరగా లొంగే జంతువులు తక్కువ. తల్లి మేత మానేస్తుంది, కాలేయం దెబ్బతింటుంది, కడుపులో పిల్లలు సరిగా ఎదగవు. ఈనాక కూడా ఈ విషం వదలదండీ, తల్లి ఒంట్లో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలోకి మారి పాలలోకి దిగుతుంది. మొదటి రెండు మూడు వారాలు పిల్లలకు పాలే కదా ఆధారం!

మక్క గింజల మీద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపిస్తే బస్తా మొత్తం పారేయండి. ఉడకబెట్టినా ఆ విషం పోదు. కొందరు అదే బస్తాను కోళ్ళకు పోస్తున్నారు, అదింకో దరిద్రం.