బోల్టులు బిగిస్తే చాలట!

హెడర్లు, అంటే ఇంజన్ పొగను బయటికి పంపడానికి కంపెనీ మానిఫోల్డుల బదులు బిగించే ఉక్కు గొట్టాలు, అమ్మే పెట్టెల మీద ఒక మాట ఉంటుంది: ఏ మార్పులూ అక్కర్లేదు, బోల్టులు బిగించుకుంటే చాలు. ఇంత చిన్న కట్టుకథ మరెక్కడా దొరకదు. అందులో పాత్రలు రెండే, బోల్టూ పానా. స్టార్టర్ మోటారు, ఇంజన్ మౌంటు, క్లచ్ లింకేజి, డిప్‌స్టిక్ గొట్టం, స్టీరింగ్ బాక్సు వగైరాలు రెండో అంకంలో పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తాయి.

ఈ నాటకాన్ని పాత వీ8 (ఎనిమిది సిలిండర్ల) కారు కింద పడుకుని చూడాలి. మొదటి అంకం బీడు మానిఫోల్డులు, అంటే కంపెనీ బిగించిన పోత ఇనుప పొగదారులు, విప్పడం. యాభై ఏళ్ళు కాలుతూ చల్లారుతూ హెడ్డుతో (సిలిండర్ల పైమూతతో) ఏకమైపోయిన బోల్టులవి. పని తెలిసినవాడు మూడు రోజుల ముందు నుంచీ తుప్పు వదిలించే నూనె పోస్తాడు. పావు చుట్టు విప్పి, కాస్త బిగించి, మళ్ళీ విప్పుతాడు. మన కథానాయకుడు ఇంపాక్ట్ గన్ను అందుకుంటాడు. టప్! తల చేతికొచ్చింది, మొండెం హెడ్డులో ఉంది. దాని మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి, ఆ వేడి మీదే మెల్లగా తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. ఆయన డ్రిల్లు తీస్తాడు. బిట్టు గట్టి బోల్టును వదిలి పక్కనున్న మెత్తటి బీడును తింటుంది. బిగించాల్సినవి బోల్టులే కదా, ఇంకా వాటి దగ్గరికే రాలేదు.

రెండో అంకం. పొడుగు గొట్టాల హెడర్ చాలా కార్లలో కిందనుంచే ఎక్కాలి. కారును రెండడుగులు లేపి స్టాండ్ల మీద నిలబెడతారు. స్టార్టర్ ఊడుతుంది. మౌంటు బోల్టు ఊడుతుంది. ఆయిల్ పాన్ కింద చెక్క పెట్టి, జాకీతో ఇంజన్‌ను అంగుళం ఎత్తుతారు. ఫ్యాను పైకి లేస్తుంది, డిస్ట్రిబ్యూటర్ ఫైర్‌వాల్ (ఇంజన్ వెనక రేకు గోడ) వైపు ఒరుగుతుంది. హెడర్ సగం ఎక్కి, స్టీరింగ్ బాక్సు దగ్గర ఆగి, ఇక కదలనంటుంది. అప్పుడు సుత్తి రంగప్రవేశం చేస్తుంది. దించి, గొట్టాన్ని ఎర్రగా కాల్చి, ఒక సొట్ట. ఎక్కించి చూసి, దించి, ఇంకో సొట్ట. పొగకు దారి వెడల్పు చేయాలని డబ్బు పోసి కొన్న గొట్టాన్ని, కొన్నవాడే దగ్గరుండి ఇరుకు చేయిస్తాడు. చివర గొట్టాలన్నీ కలిసే 3 అంగుళాల కలెక్టర్‌కు ఒక రెడ్యూసర్ (దారిని సన్నం చేసే ముక్క) తగిలించి, పాత 2 అంగుళాల పైపుకూ పాత సైలెన్సర్‌కూ కలుపుతారు. వంతెన ఆరు లేన్లు, దిగితే సందు. చప్పట్లు.

తర్వాతివి చిన్న చిన్న విశేషాలు. ప్లగ్ వైర్లు కరుగుతాయి. వేడెక్కిన ఇంజన్ ఆపి మళ్ళీ తిప్పితే, పక్కనే కాలుతున్న గొట్టం వేడికి స్టార్టర్ మొరాయిస్తుంది, యజమాని కొత్త బ్యాటరీ కొంటాడు. గొట్టాలను హెడ్డుకు బిగించే పావు అంగుళం పట్టీ, ఫ్లాంజి, వంగి గాస్కెట్ లీకవుతుంది (ఫ్లాంజి ⅜ అంగుళం ఉండాలి, మొదటి కొన్నాళ్ళు చల్లారినప్పుడల్లా బోల్టులు సరిచూడాలి). ఆ టిక్ టిక్ విని వాల్వు లిఫ్టర్లు పోయాయని ఇంకో ఖర్చు. కార్బురేటర్ జెట్లు (పెట్రోలు కొలిచే రంధ్రాలు) ఎవరూ ముట్టుకోరు కనుక మిశ్రమంలో పెట్రోలు పలచబడి, కాలు తీసినప్పుడల్లా వెనక టపాసులు పేలతాయి. దాన్ని పవర్ అంటారు.

అసలు హెడర్లు ఎందుకు కావలసి వచ్చాయో అడగండి. బండి లాగడం లేదట. బీడు మానిఫోల్డు నోట్లో హీట్ రైజర్ అనే రేకు ఒకటి ఉంటుంది. చలిలో మూసుకుని, వేడెక్కాక తెరుచుకోవాలి. తుప్పుపట్టి మూసుకునే ఉండిపోతే ఒక వైపు నాలుగు సిలిండర్ల గొంతు నొక్కినట్టే. నాలుగు చుక్కల నూనె, నాలుగు సుత్తి తట్లు, అంతే వైద్యం. ఇక రెండో పండితవర్గం ఉంది, ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్, అంటే పొగకు ఎదురొత్తిడి, కావాలంటుంది. ఏ ఇంజనూ దాన్ని అడగలేదు. కావలసింది పొగ వేగం. గొట్టం మరీ లావైతే అది తగ్గుతుంది.

హెడర్లు పనికిరావని కాదు. ఓవర్‌ల్యాప్ (రెండు వాల్వులూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న క్యామ్, అంటే వాల్వులు తెరిచే ఇరుసు, పెంచిన కంప్రెషన్, నిమిషానికి 5000 చుట్లు దాటి తిరిగే ఇంజన్ ఉంటే పెట్టాల్సిందే. మామూలు 350 (ఘనపు అంగుళాల) ఇంజన్‌కి 1⅝ అంగుళాల గొట్టాలు సరిపోతాయి. సిరామిక్ పూత వేయించండి. వేడి ఆపడానికి గుడ్డపట్టీ చుడితే అది తేమను పట్టి మామూలు ఉక్కును తినేస్తుంది. క్యామ్ కంపెనీదే అయితే మానిఫోల్డులు ఉంచి, 2¼ లేదా 2½ అంగుళాల జంట పైపులు వేయించుకుంటే, మామూలుగా నడిపేటప్పుడు హెడర్లకూ వీటికీ తేడా పట్టుకోవడం కష్టం. చిన్న షెవ్రొలె వీ8 మీద వచ్చిన రామ్స్ హార్న్ (పొట్టేలు కొమ్ము ఆకారపు) మానిఫోల్డుల్లో కొన్నిటికి నోరే 2½ అంగుళాలు.

ఇదంతా నవ్వుకోవచ్చు. కానీ విప్పిన మానిఫోల్డులను పాత ఇనుము తూకానికి వేసేవాళ్ళను చూస్తే నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది. ఒక్కో మానిఫోల్డు మీద పోత నంబరుంది. పక్కన తేదీ ఉంది: సి 14 9 అంటే, 1969 నాటి బండికి, మార్చి 14న పోసింది (సి మూడో అక్షరం కనుక మూడో నెల, 9 ఏడాది చివరి అంకె). ఆ తేదీన పోసిన మానిఫోల్డు మళ్ళీ ఏ కొలిమిలోనూ పుట్టదు. కొత్త గొట్టాలు తుప్పుపట్టి చిల్లులు పడే రోజుకు కూడా ఇది బతికే ఉండేది. కొన్ని కిలోల బరువు తగ్గిందని దాన్ని కరిగించడానికి చేతులెలా వచ్చాయి? చోటు లేదా? మంచం కింద పెట్టు!

పెట్టేముందు వైర్ బ్రష్‌తో గీకి, నూనె రాసి, గోనెలో చుట్టండి. బోల్టులు కూడా దాచండి, తలలు ఊడినవాటితో సహా.