వడదెబ్బ లెక్కకు అందని చావులు

కర్నూలులో ఎండ 45 డిగ్రీలకు చేరిన రోజున అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, వడదెబ్బకు ఎంతమంది పోయారని. వాతావరణ మార్పు మన ఒంటిని ఏం చేస్తున్నదో జనానికి అర్థం కాలేదంటే, ఆ తప్పు ఈ లెక్కదే.

తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కలిసి నిర్ధారిస్తే తప్ప అది వడదెబ్బ మరణం కాదు. పగలంతా ఉపాధి పనిలో మట్టి తవ్వి, రాత్రి ఇంట్లో గుండె ఆగిపోయిన మనిషి ఆ జాబితాలోకి రావడం కల్ల. చెమటగా నీరు పోయేకొద్దీ రక్తం చిక్కబడుతుంది, ఒంటిని చల్లబరచడానికి చర్మానికి రక్తం మళ్లించే గుండె మీద భారం పెరుగుతుంది, మూత్రపిండాలకు అందే రక్తం తగ్గుతుంది. బీపీకి నీరు తీసే మాత్రలు వేసుకునేవారికీ, షుగరు ముదిరి చెమట సరిగా పట్టనివారికీ ముప్పు మరీ ఎక్కువ. కాగితం మీద మాత్రం ఆ చావు గుండెపోటే.

2015 వేసవిలో మన రాష్ట్రంలో వడదెబ్బ మృతులు 1,369 మంది అన్నది అధికారిక లెక్క. అహ్మదాబాద్‌లో పరిశోధకులు వేరే దారి పట్టారు. 2010 మే నెలలో నగరంలో ఏ కారణంతోనైనా సంభవించిన మరణాలన్నిటినీ మామూలు మే నెలలతో పోల్చితే 1,344 అదనంగా తేలాయి. 2013లో ఆ నగరం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకున్నదంటే దాని వెనుక ఉన్నది ఈ లెక్కే. ఇందుకు కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. అనంతపురం, కడప నగరపాలక సంస్థల మరణాల రిజిస్టర్లను దించి, నెలవారీగా పోల్చి, ఏటా జూన్‌లో ప్రకటిస్తే చాలు.

సీమకు ఎండలు కొత్తా అని పెద్దలు అడుగుతారు. నిజమే, ఎండ కొత్తది కాదు. కానీ పగటి వేడిని ఒళ్లు తట్టుకునేది రాత్రి చల్లబడుతుందన్న భరోసాతోనే, ఆ రాత్రులే ఇప్పుడు వేడెక్కుతున్నాయి. పైగా మన తాతలు పడుకున్నది చౌడు మట్టి పరిచిన మిద్దెల కింద. ఆ మందపాటి మన్ను ఎండను లోపలికి అంత తొందరగా దిగనిచ్చేది కాదు. దాన్ని వెనకబాటుతనమని తోసేసి, పలుచని కాంక్రీటు శ్లాబునూ రేకునూ అభివృద్ధి అనుకున్నాం. ప్రభుత్వ కాలనీలో ఇల్లంటే నాలుగు గోడలు, ఒక శ్లాబు, చుట్టూ చెట్టు లేని ప్లాట్లు. పగలంతా కాగిన ఆ శ్లాబు అర్ధరాత్రి దాకా కింద పడుకున్న ముసలివాళ్ల మీదికి ఉడుకు దించుతూనే ఉంటుంది. ఆ ఇంటి నమూనాను ఖరారు చేసేటప్పుడు ఇంజినీరు పక్కన ఒక డాక్టరును కూడా కూర్చోబెట్టాలి.