స్వలింగ పెళ్లిళ్ల మెసేజ్: ఒక్కో ముక్కకూ జవాబు

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చాన్నాళ్లుగా తిరుగుతోంది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో చూశా, కాలనీ గ్రూపులో చూశా, చివరికి వడ్ల రేట్లు పెట్టుకునే గ్రూపులోకి కూడా వచ్చింది. సారాంశం ఇదీ: "సుప్రీంకోర్టు మగ–మగ, ఆడ–ఆడ పెళ్లిళ్లకు ఓకే చెప్పేసింది. పార్లమెంటులో బిల్లు రెడీ. ఇక సబ్ రిజిస్ట్రార్ గానీ, గుళ్లో అయ్యగారు గానీ కాదనడానికి లేదు. కల్యాణలక్ష్మి కూడా ఇవ్వాల్సిందే. ఇదంతా హైటెక్ సిటీ వాళ్ల ఫ్యాషన్, మన దిక్కు అసొంటోళ్లు లేరు. అమెరికాలోనే రద్దు చేసేశారు. ఈ చట్టం వస్తే ఊళ్లల్ల గొడవలే." కింద పది మందికి పంపమని దండం బొమ్మ.

ఈ జంటలకు చట్టం అండ ఉండాలన్నది నా అభిప్రాయం, ముందే చెప్తున్నా. మీది వేరే అయినా పర్లేదు, లెక్కలు మాత్రం ఎవరికైనా ఒకటే. రాని చట్టం వచ్చిందని జనాన్ని హడలగొట్టే ఇలాంటి మెసేజ్‌ల వల్లే ఏ లీడరూ ఈ మాట ఎత్తడానికి సాహసించడు.

"కోర్టు ఓకే చెప్పేసింది."

రెండు తీర్పులను కలిపి ఒకటి చేశారు. 2018 సెప్టెంబర్ 6న, నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఒకటే: ఇష్టపడ్డ ఇద్దరు మేజర్ల మధ్య సంబంధం ఐపీసీ 377 సెక్షన్ కింద నేరం కాదు. జైలు భయం పోయింది, అంతవరకే. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

పెళ్లి సంగతి తేలింది 2023 అక్టోబర్ 17న, సుప్రియో కేసులో. అది హైదరాబాద్‌లో ఉండే ఒక జంట వేసిన పిటిషన్. ఐదుగురు జడ్జీలూ ఒక్కమాటగా పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు, ఉన్న చట్టాన్ని తాము తిరగరాయలేమన్నారు. పెళ్లి అనే పేరు లేకుండా కలిసి బతికే బంధానికి గుర్తింపు, అంటే సివిల్ యూనియన్ ఇవ్వాలా అన్న దగ్గర 3–2గా చీలారు. ఇవ్వాలన్నవాళ్లు అప్పటి చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్. కాదన్న ముగ్గురిలో ఉన్న జస్టిస్ హిమా కోహ్లి 2021లో మన తెలంగాణ హైకోర్టుకు చీఫ్ జస్టిస్‌గా చేసినవారే. తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్లను కూడా 2025 జనవరి 9న కొట్టేశారు. అంటే మెసేజ్‌లో మొదటి ముక్కే తలకిందులు.

ఆ తీర్పులో అందరూ ఒప్పుకున్న సంగతి ఒకటుంది. ట్రాన్స్‌జెండర్ స్త్రీ ఒక పురుషుణ్ని గానీ, ట్రాన్స్‌జెండర్ పురుషుడు ఒక స్త్రీని గానీ ఉన్న చట్టాల కిందే పెళ్లాడొచ్చు. మెసేజ్ రాసినవాళ్లు దీన్నే సగం విని ఉంటారు.

"పార్లమెంటులో బిల్లు రెడీ."

ఎవరి బిల్లు? 2022 ఏప్రిల్‌లో ఎన్సీపీ ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ సొంతంగా తెచ్చే బిల్లు పెట్టారు. మతంతో పని లేకుండా పెళ్లి చేసుకునే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్‌ను సవరించి స్వలింగ జంటలను చేర్చాలని. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి చట్టాలైన ప్రైవేటు బిల్లులు మొత్తం 14. చివరిది 1970లో. పైగా 2024లో సభ రద్దయింది, దాంతోపాటు ఆ బిల్లూ మురిగిపోయింది.

కాంగ్రెస్ 2024 మేనిఫెస్టోలో మాత్రం ఒక లైను ఉంది. విస్తృత సంప్రదింపుల తర్వాత ఈ జంటల సివిల్ యూనియన్లను గుర్తించే చట్టం తెస్తామని. పెళ్లి అనలేదు, రేపే అని కూడా అనలేదు. సీపీఎం ఇంకొంచెం ముందుకెళ్లి, పెళ్లితో సమానంగా గుర్తింపు, వారసత్వం, భరణం అన్నీ ఉండాలని రాసింది. ఇప్పుడు బలం చూడండి. 543 సీట్లలో ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు వచ్చినవి 99, సీపీఎంకు 4. బీజేపీకి 240, మిత్రులతో కలిపితే మెజారిటీ. ఆ ప్రభుత్వమే 2023 మార్చిలో పెళ్లంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్యనే అని కోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. బిల్లు ఎక్కడి నుంచి రావాలి?

పార్టీ జెండా చూసి కూడా మోసపోవద్దు. 2023లో కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే జవాబిచ్చినవి ఏడేనని మే నెలలో కోర్టుకు చెప్పారు. వద్దని గట్టిగా చెప్పినవి మూడు: రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్, అస్సాం. అప్పుడు రాజస్థాన్‌లో కాంగ్రెస్, ఆంధ్రలో వైసీపీ, అస్సాంలో బీజేపీ. మూడు జెండాలు, ఒకే జవాబు. జైపూర్‌లో వద్దన్న పార్టీయే ఏడాదికి ఢిల్లీలో మేనిఫెస్టోలో రాసింది. ఆ ఏడు రాష్ట్రాల్లో తెలంగాణ పేరు లేదు. అప్పుడు ఇక్కడ ఉన్నది బీఆర్ఎస్ ప్రభుత్వం. అవుననీ లేదు, కాదనీ లేదు.

2024లో నల్లగొండ, భువనగిరి, నాగర్‌కర్నూల్ కాంగ్రెస్‌కు, మహబూబ్‌నగర్ బీజేపీకి వచ్చాయి. నల్లగొండ మెజారిటీ ఐదున్నర లక్షలు దాటింది. నేను విన్న ప్రచారంలో ఎస్ఎల్‌బీసీ సొరంగం, పాలమూరు–రంగారెడ్డి లాంటి సాగునీటి పనులు, రుణమాఫీ వినబడ్డాయి గానీ మేనిఫెస్టోలోని ఈ లైను ఏ మైకులోనూ వినబడలేదు. 1952లో కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపిన జిల్లా ఇది. ఇక్కడి కామ్రేడ్లు కూడా ఈ పేజీని గోడ మీద రాయలేదు. అదీ వాస్తవం.

అయితే ఎప్పటికీ రాదా? అలా అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. పెళ్లి, విడాకులు, వారసత్వం ఉమ్మడి జాబితాలో ఐదో అంశం. పార్లమెంటే కాదు, రాష్ట్ర అసెంబ్లీ కూడా చట్టం చేయొచ్చు, కేంద్ర చట్టంతో తేడా వస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఇదేం పుస్తకాల్లో మాట కాదు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చిన ఎన్టీఆర్ కాలపు చట్టం 1986లో వచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. తమిళనాడు 1967లోనే పురోహితుడు, హోమం లేని ఆత్మగౌరవ పెళ్లిళ్లకు హిందూ వివాహ చట్టంలో చోటిచ్చింది. ఆడపిల్లకు వాటా అన్నప్పుడు కూడా కుటుంబాలు కూలిపోతాయనే గోల లేచింది. దారి ఉంది, నడిచేవాళ్లే లేరు.

"సబ్ రిజిస్ట్రార్ కాదనడానికి లేదు."

కాదనకుండా ఉండటానికి ఆయనకే వీల్లేదు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ నాలుగో సెక్షన్‌లో పురుషుడికి 21 ఏళ్లు, స్త్రీకి 18 నిండాలని ఉంది. ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత సంతకాలు పెట్టే డిక్లరేషన్లు రెండు: ఒకటి వరుడిది, రెండోది వధువుది. ఇద్దరు ఆడవాళ్లు వెళ్తే ఒక కాగితం ఖాళీగా మిగులుతుంది. బయట చెట్టు కింద కూర్చున్న డాక్యుమెంట్ రైటర్ ఎంత తలపండినవాడైనా దాన్ని నింపలేడు. భరణం, విడాకుల సెక్షన్లు కూడా భర్త, భార్య అనే మాటల మీదే నడుస్తాయి. కోర్టు చేతులెత్తేసింది ఈ చిక్కుముడి చూసే.

అయ్యగారి విషయంలో టెన్షన్ అసలే అక్కర్లేదు. కోర్టులో వాదనలు నడిచింది మతంతో పని లేని స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ చుట్టూ. యాదగిరిగుట్టలో ఏ పెళ్లి చేయాలో ఎవరూ ఆదేశించలేదు. ఇక కల్యాణలక్ష్మి రూ.1,00,116 పెళ్లికూతురి కుటుంబానికిచ్చే సాయం. ఆదాయం, వయసు, పెళ్లి కాగితాలు చూసి తహసీల్దార్ పంపితే గానీ ఎమ్మెల్యే చేతి చెక్కు రాదు. దానికి తోడు ఇస్తామన్న తులం బంగారం కోసం మామూలు పెళ్లికూతుళ్లే ఎదురుచూస్తున్నారు.

"మన దిక్కు అసొంటోళ్లు లేరు."

కేంద్రం కూడా కోర్టులో దాదాపు ఇదే అంది, నగరాల్లోని ఉన్నతవర్గం ఆలోచన అని. దానికి చంద్రచూడ్ తన తీర్పులో ఇచ్చిన జవాబు మన ఊళ్లకు సరిపోతుంది: ఇంగ్లిష్ మాట్లాడే ఆఫీసు ఉద్యోగి ఎంతో, పల్లెలో వ్యవసాయ పని చేసే ఆడమనిషీ అంతే.

మిర్యాలగూడలో ఒక పోర్షన్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఏళ్లుగా కలిసి ఉంటున్నారనుకోండి. ఒకామె కుట్టుమిషన్, ఇంకొకామె రైస్‌మిల్లులో లెక్కలు. ఓనరు దృష్టిలో వాళ్లు అక్కాచెల్లెళ్లు. ఒకామెకు స్కూటీ యాక్సిడెంట్ అయి ఆపరేషన్ కావాలంటే "పేషెంట్‌కు మీరేమవుతారు?" అని అడుగుతారు. ఆమె పేరున ఎకరం భూమి ఉండి, వీలునామా లేకుండా పోతే అది తల్లిదండ్రులకు, వాళ్లూ లేకపోతే తండ్రి వైపు వారసులకు వెళ్తుంది. ఇరవై ఏళ్లు పలకరించని అన్న పాస్‌బుక్ కోసం వస్తాడు. కలిసి వండుకు తిన్నామెకు చిల్లిగవ్వ రాదు.

తీర్పు తర్వాత వేసిన కేబినెట్ సెక్రటరీ కమిటీ పుణ్యాన 2024లో కొన్ని చిన్న పనులు జరిగాయి. ఇలాంటి జంటలను రేషన్ కార్డులో ఒకే ఇల్లుగా చూడాలని రాష్ట్రాలకు చెప్పారు. బ్యాంకులో జాయింట్ అకౌంట్, నామినీకి అడ్డు లేదన్నారు. దగ్గరి బంధువులు లేనప్పుడు తోడున్నవాళ్లు శవాన్ని తీసుకోవచ్చని ఆరోగ్య శాఖ రాసింది. 2025 జులైలో తిరుమలగిరిలో కొత్త కార్డులు పంచడం మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి ఏ మీసేవలోనైనా చెప్పారా? నాకు అనుమానమే. మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం కోసం "యజమానితో బంధుత్వం" అనే గడిలో ఏం రాయాలో చెప్పడానికి పార్లమెంటు అక్కర్లేదు, సివిల్ సప్లయ్స్ శాఖ ఆర్డరు చాలు.

"అమెరికాలోనే రద్దు చేసేశారు."

చేయలేదు. అక్కడ స్వలింగ పెళ్లిళ్లకు హక్కు ఇచ్చిన 2015 జూన్ 26 తీర్పు అలాగే ఉంది. 2022 డిసెంబర్‌లో దానికి తోడు చట్టం కూడా చేశారు, సెనేట్‌లో 12 మంది రిపబ్లికన్లు కూడా ఓటేశారు. 2025 నవంబర్‌లో ఆ తీర్పును తిరగదోడమన్న పిటిషన్‌ను అక్కడి సుప్రీంకోర్టు తీసుకోనే లేదు. మన పక్కనే నేపాల్‌లో 2023లో ఒక జంట పెళ్లి రిజిస్టర్ అయింది, థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి చట్టమే అమల్లో ఉంది.

"చట్టం వస్తే గొడవలే."

చట్టం లేకపోతే గొడవలు లేవా? మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న కులం తక్కువని అల్లుణ్ని ఆస్పత్రి ముందే నరికించారు. ఆ పెళ్లి అన్ని రకాలుగా చట్టబద్ధం. 377 తీర్పు వచ్చిన ఎనిమిదో రోజు అది. నల్లగొండ కోర్టు 2025 మార్చిలో ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. గొడవ పెళ్లి వల్ల రాలేదు, తమ మాట దాటిందన్న కసి వల్ల వచ్చింది. స్వలింగ జంటకు ఆ కసి ఇంకో రెండింతలు ఉంటుంది, వెనక చట్టం మాత్రం ఉండదు.

ఇప్పటికైతే కోర్టులే దిక్కు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది: ఇలాంటి జంట రక్షణ కోరితే ముందు పోలీసు రక్షణ ఇవ్వండి, వాళ్ల మనసు మార్చే కౌన్సెలింగ్ చేయించకండి అని. ఆ డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరు అమ్మాయిలను కలిసి ఉండనిచ్చి, తల్లిదండ్రులను జోక్యం చేసుకోవద్దంది. మరి దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ఇద్దరు అమ్మాయిలు స్టేషన్‌కు వస్తే ఎస్ఐ ఏం చేస్తాడు? మేజర్లేనా అని చూసి పంపాల్సింది పోయి, ముందు వాళ్ల నాన్నకు ఫోన్ కొడతాడు.